పీకనూ చూడండి

తిరుపతిలో దేవస్థానము వారి పాఠశాలలో నాదస్వరం నేర్చుకొనే కుర్రవాడికి శ్రుతి కుదరకపోతే, "సాధన చాలలేదు" అని వెంటనే గద్దిస్తాము. ఒక్కసారి పీకను కూడా చూద్దాము.

తమిళంలో దీనిని శీవాళి అంటారు. కావేరి తీరాన పెరిగే నాణల్ అనే రెల్లుజాతి గడ్డిని ఎండబెట్టి, ఉడికించి, నొక్కి, దారంతో కట్టి చేతితోనే చేస్తారు. ఆ సీమలోని తిరువావడుదురై ఈ పనికి పేరుపొందిన ఊరు. చేతిపని గనుక ఏ రెండు పీకలూ ఒకేలా పలుకవు. గట్టిదైతే పిల్లవాడి ఊపిరి చాలదు; మరీ మెత్తనిదైతే శ్రుతి నిలువదు. అందుకే విద్వాంసుల వాద్యానికి అదనపు పీకలు, వాటిని సరిచేసే సూది వ్రేలాడుతుంటాయి. పాశ్చాత్య దేశాల్లో ఓబో నేర్చుకొనేవారికీ ఇవే తిప్పలు.

కనుక మేము చెప్పేదేమంటే, పీకలను గురువుగారిచేత ఊదించి చూచి, నాలుగైదు ఒకేసారి తీసుకోండి. మార్చి మార్చి వాడనివ్వండి. వాయించే ముందు తడపాలి, తరువాత ఆరనివ్వాలి. లోపం పీకలో ఉండగా పిల్లవాడిని నిందిస్తే, వాడు వాద్యాన్నే విడిచిపెట్టవచ్చు. పీక పోతే మరొకటి కొనగలము. విరిగిన మనసును అంత తేలికగా అతకలేము.