కృతజ్ఞత అంటే మౌనం కాదు

సంతోషమే సగం బలమని పెద్దల మాట. పతంజలి మహర్షి యోగసూత్రాలలో శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వర ప్రణిధానం అనే అయిదింటిని నియమాలుగా పేర్కొన్నాడు. లభించినదానితో తృప్తి చెందడం సాధకునికి విధి. అయితే ఇక్కడ ఒక ధర్మసందేహం కలుగుతుంది. తన స్థితితో తృప్తి పడవలసిన భక్తుడు, తన దేశస్థితి చూసి అసంతృప్తి చెందవచ్చునా? ఈ నేలపై పుట్టి, దీని నీరు తాగి, దీనినే తప్పుపట్టడం తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం కాదా? మన ఇళ్లలో తరచు వినిపించే ఈ ప్రశ్నను, క్రైస్తవ విశ్వాసం బలంగా వేళ్లూనిన అమెరికా 19వ శతాబ్దంలో తన రక్తంలో తడిసి ఎదుర్కొన్నది. ఆ అనుభవం మనకూ ఆలోచించదగినది.

నవంబరు నెల నాలుగవ గురువారం అమెరికాలో ‘థాంక్స్‌గివింగ్’, అనగా దైవానికి కృతజ్ఞతలు అర్పించే దినం. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకూ అది సెలవు దినమే. ఈ పర్వం ఏటేటా దేశమంతటా జరిగే ఆచారంగా నిలదొక్కుకోవడానికి నాంది 1863 అక్టోబరు 3న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ వెలువరించిన ప్రకటన. సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఎన్నో ఏళ్లుగా ఇందుకోసం విజ్ఞప్తి చేస్తూ వచ్చింది.

అది సుభిక్షంగా ఉన్న సమయం కాదు. బానిసత్వం కారణంగా దేశం రెండుగా చీలి అన్నదమ్ములు పోరాడుకుంటున్న కాలం. ఆ ఏడాది జులైలో గెటిస్‌బర్గ్ వద్ద మూడు రోజుల యుద్ధంలో ఇరుపక్షాలా కలిపి సుమారు 50 వేల మంది మరణించడమో, గాయపడడమో, బందీలు కావడమో, జాడ తెలియకపోవడమో జరిగింది. అటువంటి వేళ కృతజ్ఞత ఎలా సాధ్యం?

ఆ ప్రకటనలోని క్రమం గమనించదగినది. పండిన పొలాలకు, గనుల సంపదకు, పెరిగిన జనాభాకు అది ముందుగా దేవుని స్తుతించింది. అంతటితో ఆగలేదు. జాతి దారితప్పినందుకు వినమ్రతతో పశ్చాత్తాపపడమని ప్రజలను కోరింది. యుద్ధంలో వితంతువులైన వారిని, అనాథలను, శోకార్తులను దైవకరుణకు అప్పగించి, జాతి గాయాలు మాన్పమని ప్రార్థించమన్నది. కృతజ్ఞత, పశ్చాత్తాపం, ఆర్తుల స్మరణ, ఈ మూడూ ఒకే ప్రార్థనలో ఇమిడి ఉన్నాయి. దేశం దైవప్రసాదమని నమ్మినవాడే దానికి పట్టిన మలినాన్ని చూసి ఎక్కువగా బాధపడతాడు. ప్రసాదం మీద దుమ్ము పడితే భక్తునికి కలిగే బాధ దారిన పోయేవానికి కలుగుతుందా?

క్రైస్తవులు సంతృప్తిని గురించి చెప్పుకొనే ప్రసిద్ధ వాక్యం పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలోనిది. ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడం నేర్చుకొన్నానని ఆయన అందులో తెలిపాడు. ఆ లేఖ వ్రాసేనాటికి ఆయన చెరసాలలో ఉన్నాడు. ఆ మాట సంకెళ్లలో ఉన్న మనిషి తన గురించి తాను చెప్పుకొన్నది. సంకెళ్లు వేసిన చేతులే ఆ ఉపదేశం చేస్తే అది వేదాంతం కాదు, వంచన. అమెరికాలో బానిసల యజమానులకు వత్తాసు పలికిన బోధకులు చేసింది ఈ వంచనే. విధేయంగా ఉండండి, తృప్తిగా ఉండండి అని వారు బానిసలకు మతం పేరిట బోధించారు.

దీనిని నిలదీసినవాడు ఫ్రెడరిక్ డగ్లస్. మేరీలాండ్‌లో బానిసగా పుట్టి, 1838లో తప్పించుకొని, స్వయంకృషితో మహావక్త అయ్యాడు. 1852 జులై 5న రోచెస్టర్ నగరంలో స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగానికి పిలిస్తే, ఆ దేశ సంస్థాపకుల ధైర్యాన్ని ముందుగా శ్లాఘించాడు. ఆపై, ఈ పండుగలో బానిసకు ఏ భాగం ఉన్నదని ప్రశ్నించాడు. బానిసత్వాన్ని సమర్థించే చర్చిలను తీవ్రంగా ఖండించాడు. అయినా నిరాశతో ముగించలేదు. యుద్ధం వచ్చినప్పుడు అదే దేశసైన్యంలో చేరమని నల్లజాతి యువకులను ప్రోత్సహించాడు, తన ఇద్దరు కుమారులను పంపాడు. 1865లో రాజ్యాంగ సవరణ ద్వారా బానిసత్వం రద్దయింది. ఆనాడు ఆయనను అసంతృప్తివాది అన్నవారున్నారు. కాని దేశానికి మేలు చేసింది ఎవరు? అంతా బాగున్నదని ఉత్సవం చేసుకొన్నవారా, బాగుపడవలసింది ఉన్నదని చెప్పి బిడ్డలను రణరంగానికి పంపినవాడా?

అసంతృప్తి ఎల్లప్పుడూ పుణ్యమని దీని అర్థం కాదు. తన వాటా తగ్గిందని అసూయతో దేశాన్ని తిట్టడం ఒకటి, పొరుగువాని కడుపు కాలుతున్నదని బాధపడడం మరొకటి. మొదటిదాన్ని సంతోషమనే నియమంతో జయించాలి. రెండవదాన్ని ఆ నియమం పేరుతో అణచివేయరాదు. తృప్తి తన కోసం ఆచరించవలసిన వ్రతం. ఆకలిగొన్నవానికి అది ఉపదేశం కాకూడదు, వానికి కావలసింది అన్నం.

మన సంప్రదాయం కృతజ్ఞతను మాటలతో సరిపెట్టలేదు, ఋణమన్నది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడింటిని చెప్పి, వాటిని యజ్ఞంతో, అధ్యయనంతో, సంతానంతో తీర్చుకొమ్మన్నది. ఋణం అన్న తరువాత పొగడ్తతో తీరదు, చెల్లింపుతోనే తీరుతుంది. దేశం పట్ల మనకున్న ఋణమూ అంతే. జెండాకు వందనం చేసిన చేయి మరునాడు లంచం పుచ్చుకొంటే, భారతమాతకు జయం పలికిన నోరు సాటివానిని అవమానిస్తే, ఆ ఋణం తీరలేదు సరికదా, పెరిగింది.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం తప్పే. కాని ఒక వాసానికి చెదపట్టిందని చూసి, ఇంటివారికి చెప్పి, తానే నిచ్చెన వేసుకొని ఎక్కి బాగుచేసేవాడు కృతఘ్నుడు కాడు. ఆ ఇంటిని తన ఇల్లు అనుకొన్నవాడు. దేవుని గదిలో దీపం పెట్టి, ఇచ్చినదానికి నమస్కరించుకొన్న తరువాత, ఇంకా అందనివారి కోసం ఒక్క క్షణం ఆలోచిద్దాం. ఆ ఆలోచన ఆనాటి మన పనిలో కనబడితే, దేవభక్తీ దేశభక్తీ వేరుకావని తెలుస్తుంది.