విరమణ వెనువెంటనే పదవి: న్యాయానికి చేటు

న్యాయపీఠంపై మన పేరు గలవారు ఒకరుంటే చాలునన్న తృప్తి మన సమాజంలో పాతుకుపోయింది. 2023లో మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ జీవితాన్ని చూస్తే ఆ తృప్తి ఎంత పలుచనిదో తెలుస్తుంది.

దక్షిణ కన్నడ జిల్లా బెళువాయిలో జన్మించిన ఆయన 1983లో న్యాయవాదిగా, 2003లో కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా, 2017లో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఎదిగారు. మసీదు ఇస్లాంలో అనివార్య భాగమా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించాలని 2018 సెప్టెంబరు 27న ముగ్గురిలో ఆయన ఒక్కరే పలికారు. ఆ ధైర్యాన్ని మరువరాదు. 2019 నవంబరు 9 నాటి అయోధ్య తీర్పు మాత్రం ఏకగ్రీవం. ఆ ఐదుగురిలో ఆయన ఒకరు. 2023 జనవరి 4న పదవీ విరమణ చేశారు. ఫిబ్రవరి 12న గవర్నరుగా నియమితులయ్యారు. నడుమ 39 రోజులే! అదే ధర్మాసనానికి అధ్యక్షత వహించిన రంజన్ గొగోయ్ విరమించిన నాలుగు నెలలకు రాజ్యసభకు నామినేట్ అయ్యారు.

తీర్పుకు ప్రతిఫలంగా పదవి లభించిందని మేము ఆరోపించడం లేదు. అనుమానానికి తావిచ్చే ఏర్పాటునే ప్రశ్నిస్తున్నాము. విరమించిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఏ కోర్టులోనూ వాదించరాదని రాజ్యాంగం 124(7) అధికరణం శాసిస్తుంది. ప్రభుత్వ పదవి విషయంలో మౌనం వహిస్తుంది. అట్టి పదవులు తగవని లా కమిషన్ 1958లోనే హెచ్చరించింది. అన్ని పార్టీల ప్రభుత్వాలూ పెడచెవిన పెట్టాయి.

అమెరికాలో ఫెడరల్ న్యాయమూర్తి పదవి జీవితకాలానిది. విరమణానంతర పదవికై ఎదురుచూడవలసిన అగత్యం లేదు. అక్కడ వివక్ష లేదని కాదు. జీవితకాల పదవి గల తొలి ముస్లిం ఫెడరల్ న్యాయమూర్తిగా జాహిద్ ఖురేషీ నియామకానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది. 2023లో నామినేట్ అయిన అదీల్ మాంగీకి సెనేట్ ఆమోదమే దక్కలేదు.

ఇది ఢిల్లీ పెద్దల వ్యవహారమని ఏర్పేడులోని మనం ఊరకుండరాదు. మన పిల్లలకు కళాశాల సీటు తెచ్చే 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్లను 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వే వాటిని నిలబెట్టింది. ఒక తరం బిడ్డల చదువు న్యాయమూర్తుల నిష్పాక్షికతపై ఆధారపడినప్పుడు, ఆ నిష్పాక్షికతకు రక్షణ కోరడం మన బాధ్యత.

కనుక విరమణ తరువాత కనీసం రెండేళ్లపాటు ఏ న్యాయమూర్తికీ ప్రభుత్వం పదవి ఇవ్వరాదని చట్టం రావాలి. ఓటడగ వచ్చే ప్రతి అభ్యర్థినీ దీనిపై నిలదీయండి. ఆత్మీయుల విషయంలోనైనా న్యాయం పక్షాన నిలవమన్నదే మన ధర్మం.