కొండ కొన నుంచి కడలి దాకా... పెన్న వెంట సైకిల్

ముగ్గురు అక్కచెల్లెళ్లు. పుట్టిల్లు ఒకటే... కర్ణాటకలోని నంది కొండలు. పుట్టాక మాత్రం ఎవరి దారి వాళ్లది. పెద్దది పెన్న. ఉత్తరంగా వెళ్లి అనంతపురం సీమను చుట్టి తూర్పుకు తిరుగుతుంది. చిత్రావతి పుట్టపర్తి, ధర్మవరం మీదుగా వస్తుంది. పాపాఘ్ని వేంపల్లె దగ్గర గండి క్షేత్రంలో కొండల మధ్య నుంచి దూసుకొస్తుంది. విచిత్రమేమిటంటే, ఎక్కడెక్కడో తిరిగిన ఈ ముగ్గురూ మళ్లీ కలిసేది కడప జిల్లాలోనే! అక్కణ్నుంచి పెన్న అనే ఒక్క పేరుతోనే సాగి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలిసిపోతారు.

పెన్న పొడవు 597 కిలోమీటర్లు. నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. నీళ్లు ఎప్పుడూ పల్లాన్నే వెతుక్కుంటాయి. సైకిల్ తొక్కేవాడికి అంతకన్నా మంచి దారి ఎవరు చూపిస్తారు? కొండ మీద మొదలుపెట్టి, నది పోయే వైపే దిగుతూ, చివరికి సముద్రంలో కాళ్లు కడుక్కోవడం... ఈ సరదా కోసమే కొన్ని దేశాల్లో ప్రత్యేకంగా బాటలు వేశారు. పెన్న వెంట అలాంటి బాట లేదు. సైకిల్ బొమ్మ వేసిన బోర్డూ లేదు. కానీ దారి మాత్రం ఉంది. నంది కొండల నుంచి కదిరి, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, బద్వేలు, నెల్లూరు మీదుగా సముద్రం దాకా అటూఇటూగా 500 కిలోమీటర్లు. తాపీగా తొక్కితే వారం, పది రోజుల ప్రయాణం.

మాంద్యంలో పుట్టిన బాట

అది 2009. ప్రపంచమంతా ఆర్థికమాంద్యంతో అల్లాడుతోంది. ఉద్యోగాలు ఎలా కల్పించాలన్న దానిపై న్యూజిలాండ్ ప్రధాని జాన్ కీ ఒక సదస్సు పెట్టారు. దేశం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా సైకిల్ బాట వేద్దామన్న ఆలోచన అక్కడే బయటికొచ్చింది. నవ్విన వాళ్లూ ఉన్నారు. అయినా ప్రభుత్వం 5 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు తీసిపెట్టింది. చివరికి ఒక్క బాట కాదు, దేశం నిండా ఇరవైకి పైగా బాటలు తయారయ్యాయి.

వాటిలో పేరున్నది 'ఆల్ప్స్ టు ఓషన్'. ఆ దేశంలోకెల్లా ఎత్తయిన అవోరకి-మౌంట్ కుక్ పర్వతం దగ్గర మొదలై ఓమరు అనే తీర పట్టణంలో ముగుస్తుంది. 300 కిలోమీటర్ల పైమాటే. మొదట్లోనే అడ్డొచ్చే టాస్మన్ నదిని దాటించడానికి సైకిల్‌తో సహా మనిషిని హెలికాప్టర్ ఎక్కించే ఏర్పాటు కూడా చేశారు! అక్కణ్నుంచి దారంతా వైటకి నది లోయ. ఆ నదికీ పెన్నకు లాగే ఆనకట్టల మీద ఆనకట్టలు. బాట వాటి పక్క నుంచే పోతుంది.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. కారులో వచ్చినవాడు పొద్దున దిగి, ఫొటో తీసుకుని, సాయంత్రానికి నగరం చేరిపోతాడు. సైకిల్ మీద వచ్చినవాడు అలా పోలేడు. యాభై అరవై కిలోమీటర్లు తొక్కేసరికి ఆకలి వేస్తుంది, ఒళ్లు అలుస్తుంది. మధ్యాహ్నం ఏదో ఒక ఊళ్లో తినాలి. రాత్రికి ఏదో ఒక ఊళ్లో పడుకోవాలి. పంక్చరైతే ఇంకో ఊళ్లో ఆగాలి. ఆ డబ్బంతా చిన్న ఊళ్లలోనే ఖర్చవుతుంది. సైకిల్ బాట అసలు రహస్యం అదే!

సైకిల్ కిందికి... నీళ్లు పైకి

నంది కొండ బెంగళూరు సైక్లిస్టులకు కొత్తేం కాదు. ఆదివారం తెల్లవారుజామున ఎంతోమంది ఎక్కి, దిగి, వెనక్కి వెళ్లిపోతారు. వెనక్కి తిరగకుండా ఉత్తరం వైపు పోతే చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి రాయలసీమలోకి వస్తారు. కదిరిలో నరసింహస్వామిని చూసుకోవచ్చు. ఓపికుంటే 1989లో గిన్నిస్ బుక్కుకెక్కిన తిమ్మమ్మ మర్రిమాను నీడన ఓ పూట సేదతీరొచ్చు.

కదిరి దాటితే పులివెందుల. ఒకప్పుడు పులుల మందలు తిరిగిన చోటు కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. ఒకనాడు వేరుశనగ విత్తి వాన కోసం ఆకాశం వైపు చూసిన నేల ఇది. ఇప్పుడు దారికి అటూఇటూ అరటి తోటలు, చీనీ తోటలు, వాటి పాదుల్లో డ్రిప్పు పైపులు. ఈ పచ్చదనం వెనక పార్నపల్లె దగ్గర చిత్రావతి మీద కట్టిన బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఉంది. చిత్రావతి ఒక్కదాన్నే నమ్ముకుంటే అది నిండదు. దిగువన ఉన్న గండికోట నుంచి మోటార్లతో ఎత్తిపోసే కృష్ణా నీళ్లూ అందులోకి చేరుతున్నాయి. అంటే సైకిల్ కిందికి దిగే దారిలోనే నీళ్లు ఎదురెక్కి పైకి వస్తున్నాయన్నమాట! ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో, ఎవరి త్యాగంతో వస్తున్నాయో తెలియాలంటే ఇంకో రోజు తొక్కాలి.

నీళ్ల కింద ఊళ్లు

పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు. అక్కణ్నుంచి పదిహేను కిలోమీటర్లు వెళితే గండికోట. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసేసిన చోటు. అంచున నిలబడి తొంగిచూస్తే గుండె జారుతుంది. ఇటు కోట గోడలు, మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కాక, వజ్రాల వర్తకుడైన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే 1652లో ఇక్కడికొచ్చి అతన్ని కలిశాడు.

సెలవు రోజుల్లో గండికోట కార్లతో నిండిపోతుంది. కానీ వచ్చినవాళ్లలో చాలామందికి లోయకు ఎగువన ఏముందో తెలియదు. అక్కడుంది గండికోట జలాశయం. నిల్వ సామర్థ్యం 26.85 టీఎంసీలు. అంత నీళ్లు నిలవాలంటే అంత నేల మునగాలి. ఇరవైకి పైగా ఊళ్లు దీని ముంపులోకి వెళ్లాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వాళ్లు పరిహారం కోసం, ఖాళీ చేయడానికి గడువు కోసం రోడ్డెక్కారు. పైన పులివెందుల తోటల్లో పచ్చదనం, ఇక్కడ నీళ్ల కింద గడపలు... రెండూ ఒకే కథకు రెండు చివరలు. కారు అద్దంలోంచి ఈ రెండూ కలిపి కనపడవు. రెండు రోజులు తొక్కుతూ వచ్చినవాడికి కనపడతాయి.

ఊరూ పొలమూ పోగొట్టుకున్నవాళ్లకు మళ్లీ బతుకుతెరువు కావాలి. పరిహారం సొమ్ము ఎన్నాళ్లు ఉంటుంది? కొత్త కాలనీలో ఒక గది అద్దెకిచ్చుకోవడం, రాగిసంగటి, చెనిక్కాయల పచ్చడితో నాలుగు భోజనాలు పెట్టడం, ఒక పంక్చర్ల దుకాణం తెరవడం... ఇవేవీ వాళ్ల పొలానికి సాటిరావు. కానీ కార్లు ఇవ్వని రాబడిని సైకిళ్లు ఇవ్వగలవు.

ప్రొద్దుటూరులో లారీల మధ్య

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు ఇరవై కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. బంగారం, బట్టల వ్యాపారంతో 'రెండో ముంబయి' అనిపించుకున్న ఊరు. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ దొరకని వీధి ఉండదు. అయితే ఈ చుట్టుపక్కల రోడ్ల మీద అసలు రాజ్యం లారీలది. ఒక పక్క ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, ఇంకో పక్క నాపరాళ్ల గనులు, ముద్దనూరు దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం. దానికితోడు కృష్ణపట్నం రేవు దాకా పోయే 67వ నంబరు జాతీయ రహదారి. రోడ్డు వెడల్పయ్యేకొద్దీ వేగం పెరిగింది. సైకిల్ మాత్రం తారు అంచుకు, అక్కణ్నుంచి మట్టిలోకి జరిగిపోయింది.

ఇక్కడ సైకిల్ తొక్కేది హెల్మెట్ పెట్టుకున్న యాత్రికుడు ఒక్కడే కాదు. పాల క్యాన్లు తగిలించుకున్న రైతు, పనికి పోయే కూలీ, సైకిల్ మీద బడికెళ్లే ఆడపిల్ల... వీళ్లంతా రోజూ ఆ లారీల పక్కనే పోతున్నారు. యాత్రికుడికి అది వారం రోజుల సాహసం. వీళ్లకు రోజువారీ గండం. అందుకే బాటంటూ వేస్తే మొదట బాగుపడేది వీళ్లే.

కాలువ గట్టే బాటైతే?

లారీల దారి తప్పించుకునే మార్గం ప్రొద్దుటూరు పక్కనే ఉంది. కర్నూలు-కడప కాలువ! జనం నోట కేసీ కెనాల్. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా వస్తుంది. పొలాలకు నీళ్లివ్వడమే కాదు, పడవలు నడపడం కూడా అప్పటి లక్ష్యం. దీన్ని నెల్లూరు తీరం దాకా పొడిగించాలన్నది తొలి ఆలోచన. డబ్బులు చాలక కడప దగ్గరే ఆగిపోయింది. అంటే ఎగువ నుంచి సముద్రానికి దారి వేయాలన్న కల ఈ నేలకు నూటయాభై ఏళ్లకు పైగా పాతదే!

యూరప్‌లో డాన్యూబ్ నది ఒడ్డున ఒకప్పుడు గుర్రాలు పడవల్ని లాగుతూ నడిచిన దారే నేడు పసావు నుంచి వియన్నా దాకా పేరున్న సైకిల్ బాటైంది. కేసీ కాలువకూ గట్టుంది. మైదుకూరు, ఖాజీపేట వైపు వరి పొలాల మధ్య నుంచి కడప దాకా పోతుంది. ఎక్కువ ఎత్తుపల్లాలు ఉండవు. వానపడితే బురద, కొన్నిచోట్ల కంప అడ్డం... అంతే. హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి దాని మీద సోలార్ కప్పు కూడా కట్టారు. ఇక్కడ అంత హంగు అక్కర్లేదు. కంప కొట్టి, గులకమట్టి పరిచి, మలుపుకో బోర్డు, మైలుకో వేపచెట్టు, ఊరికో మంచినీళ్ల కుళాయి ఉంటే చాలు.

కలివికోడి అడవి దాటి...

కడప నుంచి సిద్ధవటం. పెన్న ఒడ్డున కోట, ఎదురుగా లంకమల అడవి. 1900 తర్వాత కనపడకుండాపోయి, ఇక అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఈ అడవి చుట్టుపక్కలే. దానికోసమే ఇక్కడ అభయారణ్యం ఏర్పాటైంది. అది రాత్రిపూట తిరిగే పిట్ట. కాబట్టి చీకటి పడకముందే బద్వేలు చేరడం పిట్టకూ మంచిది, మనిషికీ మంచిది.

బద్వేలు దాటాక కొండలు ఎక్కి దిగితే నెల్లూరు జిల్లా. అక్కడి సోమశిల జలాశయంలో పెన్న మళ్లీ ఆగి, సంగం మీదుగా నెల్లూరు చేరుతుంది. ఎప్పుడూ ఇసుకే కనిపించే నదని చిన్నచూపు చూడకూడదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అదే వరదల్లో నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర పెన్న జాతీయ రహదారినే కోసేసింది. నెల్లూరు నుంచి మైపాడు బీచి పాతిక కిలోమీటర్ల లోపే. అక్కడ అలల్లో ముందుచక్రం తడిపితే యాత్ర పూర్తి.

బయల్దేరేవారికి నాలుగు మాటలు. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఆలోచనే వద్దు. కడప ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నవంబరులో నెల్లూరు వైపు తుపాన్ల భయం. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మేలు. అయితే అప్పుడు గాలి తూర్పు నుంచి ఎదురొస్తుంది కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరాలి. ట్యూబులు రెండు ఎక్కువే పెట్టుకోవాలి. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ... ఈ సీమలో సైకిల్‌కు పులికన్నా ఇవే ప్రమాదం!

ఇక బాట వేయడమంటారా... నది ఎప్పుడో గీసిపెట్టింది. కాలువ గట్టు ఉంది, కోటలున్నాయి, తినడానికి సంగటి ఉంది. కావాల్సిందల్లా రోడ్డు అంచున సైకిల్‌కు రెండు మీటర్ల చోటు. అది దొరికిన రోజున నంది కొండ మీద ఆదివారం పొద్దున వెనక్కి తిరిగేవాళ్లలో కొందరైనా పెన్న పోయే వైపు హ్యాండిల్ తిప్పుతారు.