పెళ్లయ్యాక ఏం చేస్తావు?

ఈ ఏడాది సంక్రాంతి వెళ్లాక పెనుకొండ దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి హిందూపురంలో మా ఆఫీసుకు వచ్చింది. వ్యవసాయ కళాశాలలో బి.ఎస్సీ. చివరి సంవత్సరం చదువుతోంది. అగ్రిబిజినెస్ కోర్సుకు రాతపరీక్ష గట్టెక్కి, ఇంటర్వ్యూకి పిలుపు అందుకుంది.

"అక్కా, మాది సేద్యం చేసే ఇల్లు. వ్యాపారం గురించి నేనేం చెప్పల్ల?" అంది.

అప్పటికే ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు పల్లె మాటలు రానీయొద్దనీ, ఇంటి సంగతులు ఎత్తొద్దనీ చెప్పి పంపారట. మేము ఆమె తెచ్చిన కాగితాలు పక్కన పెట్టించి, పోయిన ఏడు ఇంట్లో ఏం జరిగిందో చెప్పమన్నాం.

వానాధారం వేరుశనగ కొంచెం, బోరు కింద మల్బరీ కొంచెం. తోటలో ఆకు చూసి ఎన్ని గుడ్లు తేవాలో తేల్చేది వాళ్లమ్మ. పురుగు జ్వరానికి పడుకున్నప్పుడు మేత ఆపడం, లేచాక రాత్రీ పగలూ ఆకు వేయడం, చంద్రికల మీదికి ఎక్కించడం అన్నీ ఆమే. గూడు కట్టాక రోజుల లెక్క తప్పకూడదు. ఆలస్యమైతే సీతాకోకచిలుక గూడు చీల్చుకుని బయటికొస్తుంది, ఆ గూడు దారం తీయడానికి పనికిరాదు. అందుకే హిందూపురం మార్కెట్లో ఆ రోజు వేలం ధర ఎంతుంటే అంతకే అమ్ముకోవాలి. వేరుశనగ నిలవ చేయొచ్చు కానీ అప్పువాళ్లు ఆగరు.

ఉత్పత్తి ప్రణాళిక, నష్టభయం, బేరమాడే శక్తి అని మేనేజ్‌మెంట్ పుస్తకాలు చెప్పేది దీని గురించే. ఆ అమ్మాయికి అవి పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలుసని ఎవరూ ఆమెకు చెప్పలేదు, అంతే.

"మీ ఇంట్లో రైతు ఎవరు?" అని అడిగాం. "మా నాయన" అంది. పాస్‌బుక్కు ఆయన పేరనే ఉంది. మరి అమ్మ? "ఇంట్లోనే ఉంటుంది" అంది! ధర్మవరంలోనూ ఇదే కథ. మగ్గం మీద కూర్చున్నవాడే నేతగాడు, కండెలు చుట్టే ఆడమనిషిది ఇంటిపని. భూమి పేరున ఉన్నా లేకపోయినా సేద్యం చేసేవాళ్లంతా రైతులేనని 2007 జాతీయ రైతు విధానం చెప్పింది. మహిళా రైతుల హక్కుల కోసం స్వామినాథన్ రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాకుండానే పోయింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసినా, ఆడపిల్ల భాగం అడిగితే పుట్టిల్లు దూరమవుతుందనే భయం ఇంకా పోలేదు.

తర్వాత ఇంటర్వ్యూ చేసేవాళ్లలా మేం ముగ్గురం బల్లకు అటు వైపు కూర్చున్నాం. ఒకామె కావాలనే అడిగింది, "పెళ్లయ్యాక ఏం చేస్తావు?" అని. అంతదాకా బాగా మాట్లాడిన పిల్ల తల దించుకుంది. ధర్మవరం నుంచి వెళ్లిన మరో అమ్మాయిని ఒక సంస్థలో నిజంగానే ఇలా అడిగారు. పెళ్లే చేసుకోనని ఆమె అబద్ధం చెప్పి వచ్చింది.

ఆడపిల్ల ఎందుకు అబద్ధమాడాలి? అబ్బాయిని అడగని ప్రశ్న ఆమెను అడగడం వివక్ష కాదా? "ఇది నా చదువుకు సంబంధించిన ప్రశ్న కాదు, పని గురించి అడగండి" అని మర్యాదగా చెప్పవచ్చని మేమన్నాం. "అట్లంటే సీటు పోతుంది కదక్కా" అంది. ఆమె భయం అబద్ధం కాదు. ముగ్గురి ముందు ఒంటరిగా కూర్చున్న పిల్ల మీద పోరాటమంతా వేయలేం. అది సంఘాలుగా మనం చేయాల్సిన పని.

ఈ చదువుకు మనమెందుకు సాయం చేయాలని మా సమావేశంలో ఒక చెల్లెలు అడిగింది. విత్తనాలూ పురుగుమందులూ అమ్మే కంపెనీల కోసమే కదా ఈ కోర్సులు అంది. సగం నిజమే. కానీ ఆనంద్‌లో 1979లో ఇర్మాను స్థాపించింది ఉత్పత్తిదారుల సహకార సంఘాలకు మేనేజర్లను తయారుచేయడానికి. 2002 కంపెనీల చట్ట సవరణతో రైతులే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకునే వీలు కలిగింది. మన దగ్గర చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అండతో రైతులు సహకార సంఘంగా ఏర్పడి తమ పంట తామే అమ్ముకుంటున్నారు. ఇలాంటి చోట్ల లెక్కలు చదవగలిగినవాళ్లు, గుడ్ల లెక్క తెలిసిన అమ్మల కూతుళ్లు కావద్దా? ధర నిర్ణయించే విద్య ఎప్పుడూ కొనేవాళ్ల పక్కనే ఉండాలా?

మన సంఘాలు చేయగలిగినవి కొన్నున్నాయి. పిలుపు వచ్చిన అమ్మాయిలకు ఇంటర్వ్యూ అభ్యాసం పెట్టించాలి. దూరం వెళ్లేటప్పుడు తోడు పంపాలి. కట్నానికి దాచిన డబ్బు చదువుకు పెట్టమని తల్లిదండ్రులతో మాట్లాడాలి. ఇంటర్వ్యూ బోర్డులో స్త్రీలు ఉండాలనీ, పెళ్లి ప్రశ్నను రాతపూర్వకంగా నిషేధించాలనీ సంస్థలకు ఉత్తరాలు రాయాలి.

వెళ్లేముందు ఆ అమ్మాయి తన పరిచయం మళ్లీ రాసుకుంది. మొదటి వాక్యం, "మా అమ్మ రైతు." దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.