పని ప్రదేశంలో ప్రేరణ: మైత్రీవనం ప్రశ్న, కాకినాడ జవాబు

హైదరాబాదులోని మైత్రీవనం అనగానే అమీర్‌పేట కూడలి, శిక్షణ కేంద్రాల బోర్డులు, చేతికందించే కరపత్రాలు గుర్తుకు వస్తాయి. సాఫ్ట్‌వేర్ కోర్సులకు పేరొందిన ఈ ప్రాంతానికి ఉభయ తెలుగు రాష్ట్రాల నుండి యువత వస్తారు. వారిలో వ్యవసాయ కుటుంబాల పిల్లలు అనేకులు. ఇరుకు హాస్టల్ గదిలో ఉంటూ, ఇంటి నుండి వచ్చే సొమ్మును లెక్కగా వాడుకుంటూ, ఏ పై అధికారీ ఆదేశించకుండానే వారు ఉదయాన్నే తరగతికి చేరుకుంటారు. వారికి ప్రేరణ లేదని ఎవరూ అనలేరు. అయితే అటువంటి యువతీయువకులే ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకు ‘పని మీద ఆసక్తి లేనివారు’గా పేరు తెచ్చుకోవడం ఏ శాఖలోనైనా కనిపించే విషయమే. ఈ మార్పు వ్యక్తిలో వచ్చినదా, పనిలోనే ఉన్నదా? విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఇది.

సిద్ధాంతాలు చెప్పేదేమిటి?

విస్తరణ విద్యలో ప్రేరణ సిద్ధాంతాలు తప్పనిసరి పాఠ్యాంశం. అబ్రహాం మాస్లో 1943లో మానవ అవసరాలను ఒక క్రమంలో వివరించారు. పాఠ్యపుస్తకాలలో కనిపించే పిరమిడ్ బొమ్మ ఆయన వ్యాసంలో లేదు. కింది మెట్టు పూర్తిగా నిండితే తప్ప పై మెట్టు రాదన్న వాదననూ ఆయన చేయలేదు. మైత్రీవనం విద్యార్థి సదుపాయాలను వదులుకుని లక్ష్యాన్ని పట్టుకోవడమే దీనికి నిదర్శనం.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో పనిలో అసంతృప్తిని కలిగించే అంశాలు వేరు, సంతృప్తినిచ్చే అంశాలు వేరు అని ప్రతిపాదించారు. జీతం, పర్యవేక్షణ, పని పరిస్థితులు సరిగా లేకపోతే అసంతృప్తి పెరుగుతుంది. అవి సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. ఉత్సాహం సాధన నుండి, గుర్తింపు నుండి, బాధ్యత నుండి వస్తుంది. విక్టర్ వ్రూమ్ 1964లో మరొక కోణం చూపారు. ప్రయత్నిస్తే పని జరుగుతుందన్న నమ్మకం, పని జరిగితే ప్రతిఫలం దక్కుతుందన్న నమ్మకం, ఆ ప్రతిఫలం పట్ల మక్కువ, ఈ మూడూ గుణకాలు. వీటిలో ఏ ఒక్కటి సున్న అయినా ప్రేరణ సున్నయే.

రెండు స్టేషన్ల దూరంలో జరిగిన ప్రయోగం

ఈ సిద్ధాంతాలలో ఒకదానికి తెలుగు నేల మీదనే పరీక్ష జరిగింది. అమీర్‌పేట నుండి మెట్రోలో రెండవ స్టేషన్ యూసఫ్‌గూడ. అక్కడి చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ, నాటి వాడుకలో ‘సైయెట్’, నేడు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా కొనసాగుతున్నది. హార్వర్డ్ మనోవిజ్ఞానవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ ఈ సంస్థతో కలసి 1964లో కాకినాడ నుండి 52 మందిని రప్పించి సాధన ప్రేరణలో శిక్షణ ఇప్పించారు. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినది కూడా ఆ సంవత్సరమే. పోలిక కొరకు శిక్షణ ఇవ్వని పట్టణంగా రాజమండ్రిని ఎంచుకున్నారు.

శిక్షణలో ఉపన్యాసాల కంటే ఆచరణకే ప్రాధాన్యం లభించింది. బొమ్మలు చూసి కథలు అల్లడం, కడియాలు విసిరే ఆటలో తమ దూరాన్ని తామే నిర్ణయించుకోవడం, సొంత వ్యాపారానికి లక్ష్యాలు రాసుకోవడం, తోటివారితో చర్చించడం అందులోని అంశాలు. మరీ సులువూ కాని, అసాధ్యమూ కాని లక్ష్యాన్ని ఎంచుకోవడం, ఫలితాన్ని వెంటనే తెలుసుకోవడం, బాధ్యతను తనదిగా తీసుకోవడం అనే మూడు అలవాట్లను పెంచడమే దీని ఉద్దేశం. తరువాతి రెండేళ్ళలో శిక్షణ పొందినవారిలో వ్యాపార చొరవ పోలిక వర్గం కంటే స్పష్టంగా పెరిగినట్లు మెక్‌క్లెలండ్, డేవిడ్ వింటర్ 1969లో ప్రచురించిన గ్రంథం తెలిపింది. సంప్రదాయ జీవన విధానం ఈ మార్పుకు అడ్డు కాలేదు.

ఈ కథను విద్యార్థులు ఇంతవరకే కంఠస్థం చేస్తారు. అసలు పాఠం తరువాతి విషయంలో ఉన్నది. వ్యాపారంలో నిర్ణయాధికారం చేతిలో ఉన్నవారిలోనే మార్పు ప్రస్ఫుటంగా కనిపించింది. ప్రేరణ పెరిగినా దానిని ప్రయోగించే వీలు లేనివారికి శిక్షణ వల్ల ఒరిగేది తక్కువ.

విస్తరణ ఉద్యోగి పరిస్థితి

తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలను ఒక క్లస్టరుగా విభజించి, ఒక్కొక్క వ్యవసాయ విస్తరణాధికారిని నియమించే విధానం రూపొందింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రైతు భరోసా కేంద్రాలు వెలిశాయి. ఉద్యోగిని రైతుకు దగ్గర చేయడమే రెండింటి ఆశయం. ఆచరణలో పంటల నమోదు, పథకాల లబ్ధిదారుల పరిశీలన, బీమా పత్రాలు, యాప్‌లలో వివరాల నింపుదల వారి దినచర్యలో పెద్ద భాగాన్ని ఆక్రమించాయి. 2024లో తెలంగాణ విస్తరణాధికారులు డిజిటల్ పంటల సర్వేపై నిరసన తెలపడం ఈ ఒత్తిడికి సూచన.

ఈ పనులు అనవసరమని చెప్పడానికి వీలులేదు. బీమా పత్రం అందకపోతే నష్టపోయేది రైతు కుటుంబమే. అయితే సాయంత్రానికి ఎన్ని ఎంట్రీలు పూర్తయ్యాయన్నదే కొలమానమైతే, ఉద్యోగి దృష్టి క్రమంగా చేను నుండి ఫోను తెర మీదికి మళ్ళుతుంది. తాను సూచించిన విత్తనశుద్ధి వల్ల మొలక శాతం పెరిగిందో లేదో ఆ ఉద్యోగికి తెలిసే మార్గం ఉండదు. లక్ష్యం పై నుండి వస్తుంది, ఫలితం తిరిగి రాదు, నిర్ణయం చేతిలో ఉండదు. కాకినాడలో పెంచజూసిన మూడు అలవాట్లకూ ఇక్కడ తావు లేదు. అటువంటి ఉద్యోగికి ఏటా ఒకరోజు ప్రేరణ ఉపన్యాసం ఏర్పాటు చేయడం, నీరు పెట్టని చేనుకు ఎరువు వేయడం వంటిదే.

ఉదయ్ పరీక్ 1968లో ప్రతిపాదించిన సూత్రం ఈ సందర్భంలో గమనించదగినది. సాధన ప్రేరణను విస్తరణ ప్రేరణతో, అనగా ఇతరుల మేలు కోరే ప్రేరణతో గుణించి, అందులో నుండి పరాధీన ప్రేరణను తీసివేస్తే మిగిలేదే అభివృద్ధి అని ఆయన అన్నారు. ప్రతి చిన్న విషయానికీ పై ఆదేశం కొరకు ఎదురుచూడవలసిన వ్యవస్థ పరాధీన ప్రేరణనే పెంచుతుంది.

చేయదగినవి

మొదటిది, ప్రయాణ ఖర్చులు, సాంకేతిక సదుపాయాలు, సిబ్బంది ఖాళీల వంటి లోపాలను సరిదిద్దాలి. ఇది ప్రేరణ కాదు, ప్రేరణకు కావలసిన నేల. రెండవది, వారంలో కొన్ని రోజులను కేవలం క్షేత్ర సందర్శనకు కేటాయించి, ఆ రోజులలో నివేదికలు కోరకుండా ఉండాలి. మూడవది, సీజనుకు ఒక సమస్యను ఉద్యోగి తన గ్రామాల అవసరాన్ని బట్టి స్వయంగా ఎంచుకొని, ఫలితాన్ని రైతులతో కలసి కొలిచే అవకాశం కల్పించాలి. వర్షం, మార్కెట్ ధర వంటి చేతిలో లేని అంశాలకు ఉద్యోగిని బాధ్యులను చేయరాదు.

నాల్గవది విశ్వవిద్యాలయాల బాధ్యత. ఉద్యోగుల ప్రేరణ స్థాయిని ప్రశ్నావళితో కొలిచి, వయస్సు, విద్యలతో సహసంబంధం చూపి ముగించే సిద్ధాంత వ్యాసాలు చాలినన్ని వచ్చాయి. కొన్ని మండలాలలో పని విధానాన్ని మార్చి, మరికొన్నింటిని పోలిక కొరకు ఉంచి, రెండేళ్ళ తరువాత రైతు క్షేత్రంలో తేడాను పరిశీలించే పరిశోధన నేటి అవసరం. 60 ఏళ్ళ క్రితం కాకినాడ, రాజమండ్రిల మధ్య సాధ్యమైనది నేడు రెండు మండలాల మధ్య అసాధ్యం కాదు.

మైత్రీవనంలో తరగతికి పరుగులు తీసే యువతలో ప్రేరణ సమృద్ధిగా ఉన్నది. వారిలో కొందరు రేపు విస్తరణ ఉద్యోగులుగా గ్రామాలకు వెళతారు. వారికి కొత్తగా ప్రేరణ నేర్పనవసరం లేదు. ఉన్నది ఆరిపోకుండా పనిని తీర్చిదిద్దితే చాలు.