ఒకే పళ్లెం

ఈ సంచిక తిండి మీద. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో స్తంభాల వెంట నడిస్తే టిఫిన్ సెంటర్లకూ కోచింగ్ బోర్డులకూ మధ్య మండీ హోటళ్లు కనిపిస్తాయి. యెమెన్‌లోని హద్రమౌత్ వంట అది. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల బార్కస్‌లో వేళ్లూనుకుని నగరమంతా పాకింది. అసలు పద్ధతిలో మాంసాన్ని నేలలో తవ్విన పొయ్యిలో వేలాడదీస్తారు. కారిన రసమంతా కింది అన్నానికే. మన దగ్గర వేయించిన ముక్కలకే గిరాకీ. మసాలా తక్కువ, కారం కావాలంటే టమాటా చట్నీయే దిక్కు.

నాకు రుచి కన్నా కూర్చునే తీరు మీదే ఆసక్తి. ఎంగిలి పట్టింపున్న ఇళ్ల నుంచి వచ్చిన హాస్టల్ కుర్రాళ్లు బాసింపట్టు వేసుకుని ఒకే పళ్లెంలో చేతులు పెడతారు. (ముక్కల లెక్క మాత్రం ఎవరూ మరవరు.) ఎర్ర సముద్రానికి అవతల ఇథియోపియాలోనూ ఇంతే, ఒకే ఇంజెరా రొట్టె చుట్టూ అందరూ. ఆ వైపు నుంచి మనకు మనుషులు రాకపోలేదు. నిజాం ఆఫ్రికన్ అశ్విక దళం ఏసీ గార్డ్స్ పేటకు పేరైంది, ఆఫ్రికా సంతతి సిద్దీల మర్ఫా మేళం మన బరాత్‌లలో మోగుతోంది. వాళ్ల వంట మాత్రం మండీలా వీధివీధికీ రాలేదు. ఎందుకో తెలిసినవారు రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాం.

– సంపాదకుడు