ముందుది ముందే, వెనుకది వెనుకే



గడచిన వర్షాకాలంలో మా మేనల్లుడి కుటుంబం పెద్ద ప్రమాదం అంచు దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. అతడి వద్ద పాత టాటా నానో కారు ఉంది. సంపాదన కొద్దిపాటిది, ఇంట్లో మనుషులు నలుగురు. ఆ కుటుంబానికి అది చాలినంత వాహనం. ఒకనాడు గాలి పట్టించడానికి టైర్ల దుకాణానికి వెళ్ళగా, అక్కడి పనివాడు చక్రాలను పరికించి, "వెనుక టైర్లు ఎక్కువ అరిగాయి. ముందువి వెనక్కి, వెనుకవి ముందుకు వేస్తే నాలుగూ సమంగా అరుగుతాయి" అన్నాడు. అరగంటలో పని ముగించాడు.

మూడవ రోజున తల్లినీ, భార్యనూ, చిన్నపిల్లనూ ఎక్కించుకొని అతడు గుంటూరు నుండి తెనాలికి బయలుదేరాడు. దారిలో వాన పట్టుకుంది. ఒక మలుపులో కారు వెనుక భాగం ఉన్నట్టుండి పక్కకు జారింది. స్టీరింగు తిప్పినా కారు మాట వినలేదు. అడ్డంగా తిరిగి రోడ్డు పక్కనున్న మట్టిలో ఆగింది. ఆ క్షణంలో ఎదురుగా ఏ లారీ రాలేదు. అందరూ క్షేమంగా ఇల్లు చేరారు, అల్‌హందులిల్లాహ్.

ఆ రాత్రి మా అక్క ఫోను చేసి, "తమ్ముడూ, వాడు నెమ్మదిగానే నడిపాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. కారుకు ఏమైందో కనుక్కో" అన్నది. మరునాడు నేనూ మేనల్లుడూ కలిసి, చాలా ఏళ్ళుగా టైర్ల పనిలో ఉన్న ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాము. ఆయన కారు నడిపి చూడలేదు, బానెట్ ఎత్తలేదు. వెనుక చక్రం దగ్గర కూర్చుని, టైరు పక్క గోడమీది అంకెలు చదివి తల ఊపాడు. "ఇది ముందు వేయవలసిన టైరు కదా, బేటా! ఇక్కడ ఎవరు బిగించారు?" అని అడిగాడు. మేనల్లుడు నా వంక చూశాడు. ఆ అంకెలు ఉన్నాయన్న సంగతే మా ఇద్దరికీ తెలియదు.

జారిపోవడానికి టైర్ల మార్పు ఒక్కటే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను. వాన ఉంది, మలుపు ఉంది, బండిలో బరువు ఉంది. కాని ఆ మూడింటినీ తట్టుకోవలసిన చోట తట్టుకోలేని టైర్లు ఉన్నాయన్నది మాత్రం వాస్తవం. ఆ పెద్దాయన దగ్గర నేర్చుకున్నదీ, ఆ తరువాత తెలుసుకున్నదీ ఈ నెల మీ ముందు ఉంచుతున్నాను.

చాలా కార్లకు నాలుగు చక్రాలూ ఒకే సైజువి. వాటిలో ముందు చక్రాలే ఇంజను బరువు మోస్తాయి, బండిని లాగుతాయి, మలుపు తిప్పుతాయి, బ్రేకు వేసినపుడు ఎక్కువ భారం భరిస్తాయి. కనుక అవి త్వరగా అరుగుతాయి. సుమారు 8 నుండి 10 వేల కిలోమీటర్లకు ఒకసారి ముందువి వెనక్కి, వెనుకవి ముందుకు మార్చితే నాలుగూ దాదాపు కలిసి అరుగుతాయి. ఇది మంచి పద్ధతే. దుకాణంలోని పనివాడికి తెలిసిన పద్ధతీ ఇదే. పొరపాటు ఎక్కడంటే, దానిని అన్ని కార్లకూ ఒకే తీరున వర్తింపజేయడంలో.

నానో కారును 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ప్రదర్శనలో ప్రజలకు చూపారు. 2009లో అది మార్కెట్లోకి వచ్చింది. 624 సి.సి.ల చిన్న ఇంజను బండి వెనుక భాగంలో ఉంటుంది. తిరిగే శక్తి కూడా వెనుక చక్రాలకే అందుతుంది. కనుక తయారీదారు ముందు చక్రాలకు 135/70 ఆర్ 12, వెనుక చక్రాలకు 155/65 ఆర్ 12 సైజు టైర్లు నిర్ణయించాడు. ఈ అంకెలలో మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది పక్క గోడ ఎత్తు, వెడల్పులో నూటికి ఎంత అన్నది. చివరిది రిమ్ము అడ్డుకొలత, అంగుళాలలో.

లెక్క కడితే వెనుక టైరు ముందు టైరుకన్నా 20 మిల్లీమీటర్లు వెడల్పు. మొత్తం ఎత్తులో సుమారు 12 మిల్లీమీటర్లు ఎక్కువ. ట్రాక్టరు ముందు చక్రాన్ని వెనుక బిగించాలని ఎవరూ తలపెట్టరు, ఎందుకంటే తేడా దూరం నుండే కనిపిస్తుంది. నానోలో రిమ్ముల కొలత ఒక్కటే, నట్లు మూడే, తేడా వేలి మందం. చక్రం సులువుగా ఎక్కుతుంది కనుక సరిపోయిందని అనుకుంటాము.

సైజు తరువాత ఉండే అంకె టైరు మోయగల బరువును తెలుపుతుంది. ముందు టైరుమీద సాధారణంగా 65 అని ఉంటుంది. దానికి అర్థం ఒక టైరు 290 కిలోలు మోయగలదని. వెనుక టైరుమీది 71కి అర్థం 345 కిలోలు. అంటే జత టైర్లను తారుమారు చేస్తే, ఇంజనూ వెనుక సీటూ ఉన్న చోట మోసే శక్తిని 110 కిలోల మేర తగ్గించినట్లే. ఆ వెనుక సీటులో కూర్చునేది మన తల్లులూ, పిల్లలూ.

రెండవ విషయం ఇంకా ముఖ్యమైనది. మలుపులో బరువైన భాగం బయటికి పోవాలని చూస్తుంది. తాడుకు కట్టిన చెంబును గిరగిరా తిప్పితే అది బయటికి లాగినట్లే. ముందు చక్రాలు ముందుగా పట్టు తప్పితే బండి అనుకున్నంతగా మలగదు. యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీస్తే వేగం తగ్గి తిరిగి దారికి వస్తుంది. వెనుక చక్రాలు ముందుగా పట్టు తప్పితే బండి తిరగబడినట్లు గిర్రున తిరుగుతుంది. దానిని అదుపు చేయడం సామాన్య డ్రైవరుకు సాధ్యం కాదు. అందుకే ఇంజను వెనుక ఉన్న కారులో పట్టు ఎక్కువగా ఉండే వెడల్పు టైర్లను వెనుకనే వేస్తారు. తారుమారు చేయడమంటే ఆ జాగ్రత్తను మన చేతులతో మనమే తలకిందులు చేయడం. అరబీ నిఘంటువులలో ‘జుల్మ్’ అనే పదానికి, ఒక వస్తువును దానిది కాని చోట ఉంచడమని అర్థం చెబుతారు. ఏళ్ళుగా పిల్లలకు ఈ మాట చెబుతూ వచ్చాను. ఇనుముకూ రబ్బరుకూ కూడా అది వర్తిస్తుందని ఇప్పుడు తెలిసింది.

ఇది నానోకు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. కొన్ని మెర్సిడెస్, బి.ఎం.డబ్ల్యు. కార్లకు సైతం ముందు సన్నని, వెనుక వెడల్పైన టైర్లు ఉంటాయి. గల్ఫ్ దేశాలలో అటువంటి కార్లు నడిపే మన డ్రైవరు సోదరులు దీనిని గుర్తుంచుకోవాలి.

మరి ఇలాంటి కారులో టైర్లను అసలు మార్చకూడదా? మార్చవచ్చు, కాని ఎడమది కుడికి, కుడిది ఎడమకు మాత్రమే. ముందు జత ముందే, వెనుక జత వెనుకే ఉండాలి. అందుకు ముందు టైరు గోడను చూడాలి. బాణం గుర్తు ఉంటే ఆ టైరు ఒకే దిశలో తిరగడానికి చేసినది; చక్రాన్ని ఉన్నదున్నట్లు అటు నుండి ఇటు మార్చరాదు. రిమ్ము నుండి టైరు ఊడదీసి తిరగేసి ఎక్కిస్తే తప్ప కుదరదు. బాణం లేకుండా ‘ఔట్‌సైడ్’ అని మాత్రమే రాసి ఉంటే, ఆ వైపు బయటికి ఉన్నంతవరకు పక్కలు మార్చవచ్చు. మార్చిన తరువాత 50, 100 కిలోమీటర్లు నడిచాక నట్లను మరల ఒకసారి బిగించాలి.

పక్కలు మార్చడం వల్ల కలిగే మేలు స్వల్పమే. అసలు మేలు అరుగుదలను గమనించడంలో ఉంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైంది. నడుమ అరిగితే గాలి ఎక్కువైంది. ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. అక్కడక్కడ గుంటలు పడితే బ్యాలెన్సింగ్ గాని, షాక్ అబ్జార్బర్లు గాని చూపించాలి. నానోలో వెనుక టైర్లకు ముందువాటికన్నా ఎక్కువ గాలి కావాలి. నాలుగింటికీ ఒకే లెక్క పట్టించడం పొరపాటు. సరైన లెక్క కారు పుస్తకంలో ఉంటుంది.

టైరు గాడులలో అక్కడక్కడ చిన్న గట్టు ఉంటుంది. దాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. నేల తాకే రబ్బరు ఆ గట్టుతో సమమైతే టైరు ఆయువు తీరినట్లే. తడి రోడ్డుమీద పట్టు అంతకు ముందే సన్నగిల్లుతుంది. గాడి లోతు 3 మిల్లీమీటర్లకు దిగితే వర్షాలకు ముందే మార్చుకోవడం మేలు. మార్చినపుడు ఒక్కటి కాక జతగా మార్చాలి, అదే సైజు వేయాలి. ఆ సైజు దొరకలేదని దుకాణదారుడు మరొకటి చూపితే, ఒకటి రెండు రోజులు ఆగి తెప్పించుకోవడమే సురక్షితం. గోడమీది నాలుగంకెల తేదీని కూడా చూడాలి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.

స్టెప్నీ విషయంలోనూ ఇదే జాగ్రత్త. అది ముందు చక్రం సైజుదైతే, వెనుక పంక్చరు అయినపుడు దగ్గరి దుకాణం దాకా నెమ్మదిగా వెళ్ళడానికే వాడాలి. పంక్చరు వేయించి అసలు చక్రాన్ని ఆ రోజే తిరిగి బిగించుకోవాలి. ‘నడుస్తోంది కదా’ అని వారాల తరబడి వదిలివేయరాదు.

ఆ పనివాడిమీద మాకు కోపం లేదు. అతడు నేర్చుకున్నది అతడు చేశాడు. తరువాత మేనల్లుడు అదే దుకాణానికి వెళ్ళి, అంకెలు చూపించి, నాలుగు చక్రాలనూ యథాస్థానాలలో వేయించుకున్నాడు. పనివాడు నొచ్చుకుని డబ్బు తీసుకోలేదట. ఒక సుద్దముక్క తెచ్చి ప్రతి టైరుమీద ‘ముందు’, ‘వెనుక’ అని రాశాడట.

అరిగిన వెనుక జత స్థానంలో రెండు నెలల పాటు చీటీ డబ్బు కూడబెట్టి కొత్త జత వేయించారు. అంతవరకు మా అక్క వాన రోజున ఆ కారు ఎక్కలేదు, బస్సులోనే వచ్చింది.